మెత్తని సుత్తి

యమహా ఆర్‌ఎక్స్ 100 క్లచ్ కవర్ మీది స్క్రూ తలలు చూస్తే ఆ బండి ఎలాంటి చేతుల్లో పడి వచ్చిందో చాలామటుకు తెలిసిపోతుంది. ఒకదాని తలలో ప్లస్ గాడి ఇంకా పదునుగా ఉంటుంది. పక్కదానిది అరిగి గుండ్రటి గుంట అయ్యుంటుంది. ఇంకోదాని అంచున ఉలి గాట్లు. మరోచోట స్క్రూయే ఉండదు, దాని బదులు ఎక్కణ్ణుంచో తెచ్చి దూర్చిన బోల్టు. 1985లో మన దేశంలో మొదలై 1996లో ఆగిపోయిన బండి ఇది. ఆఖర్న వచ్చినదానికైనా పాతికేళ్ళు ఎప్పుడో దాటాయి. క్లచ్ ప్లేట్లు అరిగినప్పుడల్లా, కిక్ దగ్గర ఆయిల్ కారినప్పుడల్లా ఆ కవర్ ఊడదీశారు. ఊడదీసిన ప్రతిసారీ ఏదో ఒక తల బలయ్యే ఉంటుంది.

స్క్రూ ఉక్కుది. ఇంజనూ కవరూ అల్యూమినియం. రెంటి మధ్యకు వాననీరో, బండి కడిగిన నీళ్ళో చేరాయంటే అల్యూమినియం మెల్లగా తినుకుపోయి, తెల్లటి పొడిగా మారి మరల సందుల్లో గట్టిపడుతుంది. పైగా వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు సాగుతుంది, కాబట్టి ఇంజన్ కాగినప్పుడల్లా కవర్ ఉబ్బి స్క్రూ తలను పైకి తన్నుతూ ఉంటుంది. ఇంత జరుగుతున్నా పైకి మాత్రం తల నిగనిగలాడుతూనే కనిపిస్తుంది. అందుకే మామూలు స్క్రూడ్రైవర్ తీసుకుని ధైర్యంగా కూర్చుంటాం.

ఆ స్క్రూడ్రైవర్‌లోనే ఒక తిరకాసు ఉంది. మనం స్టార్ అని వాడేది ఎక్కువగా ఫిలిప్స్ రకం. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ పేరిట 1936లో దీని పేటెంట్లు వచ్చాయి, కార్ల ఫ్యాక్టరీలు వెంటనే అందిపుచ్చుకున్నాయి. జపాన్ వాళ్ళ నమూనా బళ్ళలో మాత్రం వాళ్ళ సొంత ప్రమాణం, జేఐఎస్ గాడి ఉండేది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. కానీ ఫిలిప్స్ మొనలో రెక్కలు కలిసే మూలలు కాస్త గుండ్రంగా ఉంటాయి. జేఐఎస్ గాడిలోకి అది అడుగుదాకా దిగదు. సగంలో ఆగి, గట్టిగా తిప్పగానే పైకి ఎగదన్నుకొస్తుంది. వస్తూ వస్తూ గాడి గోడల్ని చెక్కుకుపోతుంది. కొన్ని జేఐఎస్ స్క్రూల తల మీద ఆనవాలుగా చిన్న చుక్క ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఫిలిప్స్ మొన చివర కొద్దిగా గ్రైండింగ్ చేసి, గాడిలో ఇంకాస్త లోతుకు దింపే మెకానిక్కులున్నారు. వాళ్ళలో ఎంతమందికి జేఐఎస్ అన్న పేరు తెలుసో గానీ, పని మాత్రం తెలుసు.

ఏ షెడ్డులోనైనా ఎప్పుడో ఒకసారి వినపడే మాట ఉంది. కుర్రాడు "అన్నా, తిరగట్లేదు" అంటాడు. అవతల్నుంచి "తిప్పకురా, కొట్టు" అని జవాబు వస్తుంది. బయటివాడికి మోటుగా వినిపిస్తుంది. నిజానికి ఈ పనిలో సుత్తే నెమ్మదైనది, చేతి ఓపికే విధ్వంసం. పళ్ళు బిగబట్టి మెల్లగా తిప్పుతున్నంతసేపూ మొన గాడిని నమిలేస్తూనే ఉంటుంది. ఒక్క బరువైన దెబ్బ పడితే మొన అడుగుకు దిగుతుంది, మరల్లో గట్టిపడ్డ పొడి పగులుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ అనే లావుపాటి ఉక్కు పిడి ఈ రెంటికీ మూడోది కలుపుతుంది. లోపలి ఏటవాలు గాడి వల్ల నెత్తిన పడ్డ దెబ్బలో కొంత తిప్పుడుగా మారుతుంది. మొన కిందికి నొక్కుకుంటూనే కొద్దిగా తిరుగుతుంది, అందుకని ఎగదన్నుకు రావడానికి వీలుండదు. దాన్ని ముందే విప్పే వైపుకు మార్చుకోవాలి. ఆ సంగతి మరిచి ఇంకా బిగించేసినవాళ్ళ కథలు షెడ్డుకొకటి దొరుకుతాయి. చిన్న సుత్తితో టకటకలాడించడం కంటే పెద్ద సుత్తితో ఒక్కటి వెయ్యడం మేలు.

దానికి ముందు కొంత తయారీ ఉంటుంది. ముందురోజు రాత్రే తలల చుట్టూ కిరోసిన్ వెయ్యాలి. పెట్రోల్ కాక్ కట్టేసి, బండిని ఎడమవైపుకు గోడకు ఆనించి వాలిస్తే క్లచ్ కవర్ పైకి తిరుగుతుంది. దెబ్బ నిటారుగా పడుతుంది, గేర్ ఆయిలూ నేల పాలవదు. గాడి కాస్త చెదిరి ఉంటే ముందు తల మీద చదును పంచ్‌తో రెండు దెబ్బలు వేసి లోహాన్ని లోపలికి మూసి, అప్పుడు మొన దింపాలి.

గాడి పూర్తిగా పోయిందనుకోండి, చాలామంది స్క్రూ లోపలికి దింపి తిప్పే ఈజీ అవుట్ కోసం వెతుకుతారు. నాకది పడదు. గట్టి ఉక్కుతో చేసిన ఆ ముక్క స్క్రూ లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దాని మీద గీత కూడా పెట్టలేదు. దాని బదులు తలనే డ్రిల్ చేసి ఎగరగొట్టడం మంచిది. స్క్రూ ఒళ్ళు 6 మిల్లీమీటర్లే కాబట్టి అదే సైజు డ్రిల్ మధ్యలో సరిగ్గా దిగితే తల ఉంగరంలా ఊడొస్తుంది. మిగతావన్నీ తీసి కవర్ లాగేశాక, బయటికి పొడుచుకొచ్చిన మొండెం ఒక్కోసారి చేతివేళ్ళకే తిరుగుతుంది. ఇంతసేపూ మనల్ని ఏడిపించింది చాలావరకు తల కింది బిగువే.

ఆర్‌ఎక్స్ ప్రేమికుల్లో ఒక తగవు ఉంది. కొందరు అన్నీ పీకేసి స్టెయిన్‌లెస్ ఆలెన్ బోల్టులు వేస్తారు. చూడ్డానికి బాగుంటాయి, తల చెడదు. తల చెడదు కాబట్టే చెయ్యి ఎక్కడా ఆగదు, అల్యూమినియంలోని మరలు చిరిగేదాకా బిగిస్తారు. 6 మిల్లీమీటర్ల మరకు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే జానెడు కూడా లేని స్పానర్ మీద మణికట్టు బలం. ఉప్పుగాలి తగిలే ఊళ్ళో అయితే స్టెయిన్‌లెస్ అల్యూమినియాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. మామూలు ఉక్కు స్క్రూలే కొత్తవి కొని, మరలకు ఇంత గ్రీజు అద్ది వేసుకోవడం నాకు నచ్చుతుంది.

తీసేటప్పుడు అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చిపెట్టుకోవాలి. అన్నీ ఒకే పొడవు కావు. పొడుగుది పొట్టి చోట పడితే అడుగు తన్ని కేస్ పగులుతుంది. పొట్టిది పొడుగు చోట పడితే రెండు మూడు మరలే పట్టుకుని, బిగించగానే అవీ ఊడొస్తాయి. ఇక ఇంజన్ దింపి, చిరిగిన మరల చోట కొత్త మరల ఇన్సర్ట్ వేయించడానికి లేత్ షాపు దారి పట్టాల్సిందే.