నిండు బోటుకు తగిన ఫ్యాను

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి ఉప్పుటేరు వెంట నడిస్తే వలలు బాగుచేసే చోట్లు, ఐసు దుకాణాలు, డీజిల్ డ్రమ్ములు వరసగా వస్తాయి. వాటి నడుమ ఒక రేకుల షెడ్డు. లోపల ఔట్‌బోర్డ్ ఇంజన్లు చెక్క స్టాండ్లకు బిగించి ఉన్నాయి. ఓ మూల సిమెంటు తొట్టి నిండా నీళ్లు. రిపేరైన ఇంజన్ కాలును అందులోకి దించి స్టార్ట్ చేసి చూస్తారు. గోడ పొడవునా మేకులకు ప్రొపెల్లర్లు వేలాడుతున్నాయి. మూడు రెక్కలవి, నాలుగు రెక్కలవి, కొస వంగినవి, అంచు చీలినవి, రెక్క సగం ఊడిపోయినవి. షెడ్డులో అందరూ వాటిని ఫ్యాన్లనే అంటారు.

కోరంగి మడ అడవుల్లో సందర్శకులను తిప్పే ఒక బోటు పని జరుగుతోందంటే చూద్దామని వెళ్లాను. ఎనిమిది మీటర్ల ఫైబర్ బోటు. వెనక 60 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్. పన్నెండు మంది ప్రయాణికులు, డ్రైవరు, ఒక సహాయకుడు ఎక్కుతారు. ఇంజన్ కొత్తదే అయినా జనం ఎక్కేసరికి బోటు ఈడ్చుకుంటూ వెళ్తోందనీ, పెట్రోలు తెగ తాగుతోందనీ యజమాని గోడు. ఇంతకంటే పెద్ద ఇంజన్ కొనాలేమోనన్న ఆలోచనలో ఉన్నారాయన.

షెడ్డు మేస్త్రి ఇంజన్ మూత జోలికి పోలేదు. ముందుగా కిందికి వంగి ఫ్యాను నడిమి భాగాన్ని గుడ్డతో తుడిచారు. ఒండ్రు వదిలాక రెండు అంకెలు బయటపడ్డాయి. మొదటిది 11 పైచిలుకు, రెండోది 13. రెండూ అంగుళాల్లో కొలతలే. మొదటిది వ్యాసం, అంటే రెక్కల కొసలు గీసే వృత్తం వెడల్పు. రెండోది పిచ్. మర చీల కర్రలోకి దిగినట్టు ఫ్యాను నీళ్లలోకి దిగితే ఒక్క చుట్టుకు ఎంత దూరం ముందుకు పోతుందో చెప్పే అంకె అది. నీళ్లు కర్రలా గట్టిగా నిలబడవు, వెనక్కి జారతాయి. అందుకే బోటు ఎప్పుడూ ఆ లెక్క కంటే తక్కువే నడుస్తుంది. ఈ తేడాను స్లిప్ అంటారు. నీటి మీద తేలిపోతూ పరుగెత్తే తేలిక బోటుకు ఇది పది పదిహేను శాతం ఉండొచ్చు. బరువుతో నీటిని చీల్చుకుంటూ పోయే బోటుకు నలభై శాతం దాటినా వింత లేదు.

"ఫుల్లు జనంతో, ఫుల్లు రేజులో మీటరు ఎంత చూపిస్తందండి?" అని మేస్త్రి అడిగారు.

"4600 దాటదండి" అన్నారు యజమాని.

ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ దగ్గర 5000 నుంచి 6000 ఆర్‌పీఎం రావాలని ఉంది. మేస్త్రి అది చూపించి, "ఇంజన్‌కి జబ్బేం లేదండి. దాని సత్తాకి మించిన ఫ్యాను తగిలించారు. పాపం, తిరగలేకపోతంది" అన్నారు.

కాగితం మీద లెక్క వేసి చూశాం. ఆ ఇంజన్ గేరు నిష్పత్తి 1.85. అంటే ఇంజన్ 1.85 చుట్లు తిరిగితే ఫ్యాను ఒక్క చుట్టు తిరుగుతుంది. 4600ను 1.85తో భాగించి 13 అంగుళాలతో గుణిస్తే గంటకు 49 కిలోమీటర్లు రావాలి. జీపీఎస్‌లో వస్తున్నది 24. సగం పట్టు నీళ్లపాలవుతోంది.

పిచ్ ఎక్కువైతే వచ్చే నష్టం వేగంతో ఆగదు. చుట్లు అందుకోలేని ఇంజన్‌కు నిండు థ్రాటిల్ ఇస్తే లోపల ఒత్తిడి, వేడి పెరుగుతాయి. మసి పేరుకుంటుంది, పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. పిచ్ మరీ తక్కువైనా చిక్కే. ఖాళీ బోటులో ఇంజన్ హద్దు దాటి తిరగబోతుంది, లిమిటర్ అడ్డుపడుతుంది. పిచ్‌ను ఒక అంగుళం తగ్గిస్తే దాదాపు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుందని పనివాళ్లందరికీ తెలిసిన లెక్క. అక్కడ మొదలుపెట్టి, నీళ్లలో చూసి సరిచేసుకోవాలి.

మేం మాట్లాడుకుంటుండగా ఉప్పాడ వైపు నుంచి ఒక మత్స్యకారుడు 9.9 హార్స్‌పవర్ ఇంజన్ ఫ్యాను పట్టుకొచ్చాడు. వల తాడు చుట్టుకుని ఒక రెక్క వంగిపోయింది. ఆయనకు కావలసింది ఒడ్డున విరుచుకుపడే కెరటం దాటేటప్పుడు బోటు ఒక్కసారిగా అందుకోవడం, తిరుగు ప్రయాణంలో చేపల బరువు లాగడం. ఇలాంటి పనికి వ్యాసం పెద్దది, పిచ్ చిన్నది ఉన్న ఫ్యాను మేలు. పెద్ద ఫ్యాను తిప్పాలంటే గేరు కూడా కలిసిరావాలి. యమహా 9.9లో మామూలు రకానికి గేరు నిష్పత్తి 2.08 అయితే, బరువులు లాగడానికి చేసిన హై థ్రస్ట్ రకానికి 2.92. రెండింటి మీదా 9.9 అనే ఉంటుంది. కానీ రెండోది పెద్ద ఫ్యానును నిదానంగా తిప్పి ఎక్కువ నీటిని వెనక్కి నెడుతుంది. బరువైన బోటుకు కావలసింది అదే.

ఆ వంగిన రెక్కను మేస్త్రి నా ముందే సరిచేశారు. అదే కొలత గల మంచి ఫ్యానును పక్కన పెట్టుకున్నారు. రెక్కకు మంట చూపించి, చెక్క దిమ్మ మీద ఆనించి, చిన్న చిన్న దెబ్బలతో వంపు తీశారు. రెండు దెబ్బలకోసారి మంచి ఫ్యానుతో పోల్చి చూసుకున్నారు. అంచు చిరిగిన చోట ఆర్గాన్ వెల్డింగ్‌తో పూడ్చి ఆకురాయితో నున్నగా రాశారు. తర్వాత ఫ్యానును సన్నటి ఇరుసుకు ఎక్కించి అడ్డంగా పట్టి వదిలారు. ఒక రెక్క మెల్లగా కిందికి దిగింది. ఆ రెక్క వీపును కాస్త రాసి మళ్లీ వదిలారు. ఎటు తిప్పి వదిలితే అటే నిలిచేదాకా ఆ పని సాగింది. రెక్కల బరువు సమంగా లేకపోతే అదురు పుడుతుంది, ఆ అదురు షాఫ్ట్ సీళ్లనూ బేరింగులనూ తినేస్తుంది.

ఈ అల్యూమినియం ఫ్యాన్ల బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడొచ్చు కదా అని అడిగాను. స్టీలు చాలా గట్టిది కాబట్టి రెక్క పలచగా చేయొచ్చు, వేగమూ కొంత పెరుగుతుంది. అయితే కోరంగి పాయల్లో నీటి కింద మడ వేర్లు, మునిగిన దుంగలు, ఇసుక దిబ్బలు ఉంటాయి. అల్యూమినియం రెక్క తగిలితే తాను వంగి గేరు పెట్టెను కాపాడుతుంది. స్టీలు వంగదు, దెబ్బంతా లోపలికి పంపుతుంది. ఫ్యాను మధ్యలో ఉండే రబ్బరు బుష్ కొంతవరకు ఆ దెబ్బను కాస్తుంది గానీ పూర్తిగా కాదు. లోతు నీళ్లలో తిరిగే బోటుకు స్టీలు, మడ పాయల్లో తిరిగే బోటుకు అల్యూమినియం. ధర సంగతి పక్కనపెట్టినా సరైన ఎంపిక ఇదే.

మర్నాడు పోటు వేళకు కోరంగి చేరుకున్నాం. గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే ఈ ప్రాంతంలో అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. పక్కనే తాళ్లరేవు, చెక్క పడవలు కట్టడంలో పేరున్న ఊరు. నీటి లోతు, బరువు, బోటు అడుగు వంపు చూసి పని చేయడం ఇక్కడి వడ్రంగులకు తరాలుగా తెలుసు. ఫైబర్ బోటుకు ఇంజన్ బిగించేటప్పుడూ ఆ చూపే కావాలి.

ప్రయాణికులను ఎక్కించి ప్రయోగాలు చేయకూడదన్నది మేస్త్రి నియమం. పన్నెండు మంది బరువుకు సరిపడా ఇసుక బస్తాలను మనుషులు కూర్చునే చోట్లలోనే సర్దారు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించారు. ముందుగా బోటు వెనక ఇంజన్ ఎత్తు చూశారు. ఫ్యానుకు కాస్త పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది. అది బోటు అడుగుతో సమంగానో రవ్వంత పైనో ఉండాలి. మరీ పైకుంటే మలుపుల్లో ఫ్యాను పైనుంచి గాలి పీల్చుకుంటుంది. అప్పుడు ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, బోటు మాత్రం కదలదు. మరీ కిందికుంటే కాలు మొత్తం నీటిని ఈడుస్తూ వేగం పోతుంది. ఈ బోటుకు ఎత్తు సరిగ్గానే ఉంది.

పాయలో నీరు కదులుతూ ఉంటుంది కాబట్టి ఒక్క దిక్కున పరుగెత్తించి వేగం కొలిస్తే లెక్క తప్పుతుంది. పోటు వెంట ఒకసారి, ఎదురుగా ఒకసారి నడిపి రెండింటి సగటు తీశారు. పాత ఫ్యానుతో 4600 ఆర్‌పీఎం, 24 కిలోమీటర్లు. యజమాని చెప్పిన అంకెలే. ఫ్యాను మార్చారు. వ్యాసం కాస్త పెద్దది, పిచ్ 10, మూడు రెక్కలు. థ్రాటిల్ చివరికంటా తోయగానే తేడా వీపుకు తెలిసింది. బోటు ముక్కు ఎత్తి ఊరుకోకుండా ముందుకు సాగి చదునుగా కూర్చుంది. మీటరు 5300 చూపింది, సగటు వేగం 27. పిచ్ తగ్గాక వేగం పెరిగింది. స్లిప్ సగం నుంచి 38 శాతానికి దిగింది.

తర్వాత అదే పిచ్‌లో నాలుగు రెక్కల ఫ్యాను. ఆర్‌పీఎం 5200కు దిగింది, వేగంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కానీ మలుపుల్లో పట్టు వదల్లేదు. నెమ్మదిగా పోయేటప్పుడు అదురు తగ్గింది. మడ అడవిలో బోటు ఎక్కువసేపు పోయేది నెమ్మదిగానే. పక్షులు బెదరకూడదు, అల తగిలి ఒడ్డు కోసుకుపోకూడదు. రేవు దగ్గర రివర్స్ కూడా ముఖ్యం. ఇలాంటి ఇంజన్ల పొగ ఫ్యాను మధ్యలోని బోలు గుండా నీళ్లలోకి పోతుంది. రివర్స్‌లో రెక్కలు ఆ పొగ బుడగలనే లాక్కుని పట్టు కోల్పోతాయి. రెక్కల వైశాల్యం ఎక్కువైన కొద్దీ ఆ లోటు కొంత తగ్గుతుంది. బస్తాలు దింపి ఖాళీ బోటుతోనూ ఒకసారి నడిపారు. 5800 దగ్గర ఆగింది, 6000 దాటలేదు. ఖాళీగా హద్దులోనే ఉంది, నిండుగానూ హద్దులోనే ఉంది. నాలుగు రెక్కల దాన్నే ఖాయం చేశారు.

నీళ్లలో దింపి చూడటం మీద మేస్త్రికున్న పట్టుదల ప్రొపెల్లర్ పుట్టుకలోనే ఉంది. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు 1836లో మర ఫ్యానుకు పేటెంటు తీసుకున్నాడు. పొడవాటి చెక్క మరతో చిన్న పడవను లండన్ పాడింగ్టన్ కాలువలో నడిపి చూస్తుండగా 1837లో ఆ మరలో సగం విరిగిపోయింది. పడవ ఆగిపోవలసింది పోయి వేగం అందుకుంది. పొడుగు మర కంటే పొట్టి మరే మేలని అలా తేలింది. ఆ సంగతి ఏ లెక్కా ముందుగా చెప్పలేదు.

తిరిగి వచ్చాక మేస్త్రి పాత ఫ్యాను విప్పిన చోటును యజమానికి చూపించారు. షాఫ్ట్ చుట్టూ వెంట్రుకంత సన్నటి గాలం దారం చుట్టుకుని ఉంది. అది లోపలికి కోసుకుపోయి సీలును తెంపితే గేరు పెట్టెలోకి నీళ్లు చేరతాయి, ఆయిలు పాలరంగుకు తిరుగుతుంది. అలా తిరిగిందంటే గేర్లకు ఎసరే. అప్పుడప్పుడూ ఫ్యాను విప్పి దారం తీసేయాలి, ఇరుసుకు గ్రీజు పట్టించాలి, జింకు ముక్క అరిగితే మార్చాలి. ఉప్పునీటిలో అల్యూమినియం బదులు తాను అరిగిపోయేది ఆ జింకే. పాత 13 పిచ్ ఫ్యానును పారేయనివ్వలేదు. ఖాళీ బోటును ఒడ్డుకు చేర్చడానికైనా అక్కరకొస్తుందని, స్ప్లిట్ పిన్నూ నట్టూ స్పానరూ జతచేసి బోటులోనే పెట్టించారు.

పెద్ద ఇంజన్ కొనాలనుకున్న యజమాని పని దానితో పోలిస్తే నామమాత్రపు ఖర్చుతో తీరిపోయింది. నాకు మాత్రం ఇందులో డబ్బు కంటే పెద్ద విషయం కనిపించింది. గోదావరి పాయల్లో, కృష్ణలో బ్యారేజీ ఎగువన ఎన్నో విహార బోట్లు తిరుగుతున్నాయి. ప్రవాహం పెరిగినప్పుడు, ఎదురుగాలి తగిలినప్పుడు, అడ్డంగా మరో బోటు వచ్చినప్పుడు డ్రైవరు చేయి థ్రాటిల్ మీదకు పోతుంది. తగని ఫ్యాను ఉన్న ఇంజన్ ఆ క్షణాన తన పూర్తి శక్తి ఇవ్వలేదు. 60 హార్స్‌పవర్ అని మూత మీద రాసి ఉన్నా నీటికి చేరేది అంత ఉండదు. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినంత శ్రద్ధగా, ఎక్కించే జనాన్ని లెక్కపెట్టినంత కచ్చితంగా ఈ సంగతీ చూడాలి.

దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. నిండు బరువు, ఒక ఆర్‌పీఎం మీటరు, ఫోనులో జీపీఎస్, ఒక పూట సమయం చాలు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజన్‌తో నడిచే ఇలాంటి బోట్లకు సర్వే, రిజిస్ట్రేషన్ ఎలాగూ ఉన్నాయి. ఆ సందర్భంలోనే నిండు బరువుతో ఒక పరుగు తీయించి, వచ్చిన అంకె నమోదు చేస్తే ప్రతి బోటు సత్తా కాగితం మీద ఉంటుంది. కోరంగి బోటు యజమాని ఆ సాయంత్రమే లాగ్ పుస్తకంలో ఒక పేజీ కేటాయించి ఫ్యాను కొలత, మోసిన బరువు, వచ్చిన ఆర్‌పీఎం, తేదీ రాసుకున్నారు. వచ్చే ఏడు అదే బరువుతో మీటరు తక్కువ చూపిస్తే ఫ్యాను దెబ్బతిన్నదో, అడుగున నాచు పట్టిందో, ఇంజన్ అరిగిందో వెతుక్కోవచ్చు. జనాన్ని ఎక్కించుకునే ప్రతి బోటుకూ ఇలాంటి పేజీ ఒకటి ఉండి తీరాలి.