చక్రముల మార్పు

మొన్న మా చిన్నవాఁడు తన కొండదారి సైకిలునకున్న 27.5 అంగుళముల చక్రములను దీసి, అన్నగారి పాతసైకిలు 26 అంగుళముల చక్రములను బిగించెను. డిస్కుబ్రేకు చక్రనాభి కడనే యుండుటచేఁ జక్కఁగాఁ బట్టినది. అదియే రిమ్మును బట్టు బ్రేకైనచో దిమ్మలు టైరునే యొరసియుండును! బ్రేకు పట్టినదిగదా యని నేనును సరే యంటిని, నా తప్పదియే.

టైరు కూర్చుండు చోట రిమ్ముల వ్యాసములు 584, 559 మిల్లీమీటర్లు. టైర్లు సమానపు లావువైనను చట్రము 12.5 మిల్లీమీటర్లు నేలకు దిగును. సన్ననివైనచో నింకను దిగును. వ్రేలెడైన లేదుగదా యనుకొంటిమి. రామతీర్థము కొండలచెంత రాళ్లదారిని పెడలు రాతికిఁ దగిలి పిల్లవాఁడు పడెను. మోఁచేయి చీఱుకొనిపోయినది.

ఇప్పుడు బద్దపెట్టి కొలిచి, వెనుకటి చక్రములే యెక్కించితిమి. వాని చెల్లెలు మాత్రము, చిన్నచక్రములైనఁ దన కాళ్లు నేల కందునని యలుక పూనియున్నది.