హీరోగారు ఎక్కారు... హెరాల్డు దగ్గింది!

సినిమా కబుర్లు రాసి పొట్టపోసుకునేవాణ్ణి. షూటింగుల గురించి రాయడమే తప్ప, మా ఇంటి మనిషిలాంటి వస్తువు ఒకటి షూటింగులో వేషం కడుతుందని కలలో కూడా అనుకోలేదు. కట్టింది. మొదటి రోజే పరువు తీసింది!

కోరుట్లలో మా బాపుకి ఒక స్టాండర్డ్ హెరాల్డు ఉంది. రెండు తలుపులది. 1961లో మద్రాసులో తయారీ మొదలైన కారు. ఇంజను 948 సి.సి. చిన్నదే. అయితేనేం? 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే అసలు సిసలు స్పోర్ట్స్ కారు హెరాల్డు ఛాసీని కురచ చేసి కట్టిందే. రెండింటికీ రూపం దిద్దినవాడు ఒక్కడే, ఇటలీవాడు మికెలొట్టి. పైగా హెరాల్డు కప్పు బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. సినిమా పిచ్చి ముదిరిన రోజుల్లో బాపు ఆ కప్పు తీయించి గుడ్డ టాపు వేయించాడు. (తలుపులు అప్పట్నుంచీ సరిగ్గా పడవనుకోండి!) ఊళ్లో అందరికీ అది ‘స్పోర్ట్స్ కారే’.

పాతకాలం పాట ఒకటి తీయడానికి జగిత్యాల వైపు ఒక యూనిట్ వచ్చింది. అయిదు రోజుల అద్దె మాట్లాడుకున్నాం. ఆ డబ్బు బాపు మోకాలి ఆపరేషనుకి.

హీరోగారు ఎక్కారు. హీరోయిన్ స్కార్ఫు సర్దుకుంది. ‘యాక్షన్’ అన్నారు. ఆగి ఉన్నంతసేపూ ఇంజను కుట్టుమిషనులా నడుస్తోంది. యాక్సిలరేటర్ నొక్కగానే ఒక దగ్గు, ఒక తడబాటు, ఆ తర్వాత ఒక్క గెంతు! హీరోయిన్ కూలింగ్ గ్లాసులు ఒళ్లో పడ్డాయి. నాలుగు టేకులూ అంతే. ‘ఎల్లుండికి బాగుచేయించండి, లేకపోతే హైదరాబాదు నుంచి వేరే బండి తెప్పిస్తాం’ అన్నాడు అసిస్టెంటు.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, కార్బరేటర్ కడిగించడం. రాత్రికి రాత్రే రెండుసార్లు కడిగించాను. ప్లగ్గులు మార్చాను. తెలిసినవాళ్లంతా పెట్రోల్లో కలిపే 20 శాతం ఇథనాలునే తిట్టారు. పాత కార్ల రబ్బరుకి అది పడదన్నది నిజమే. కానీ ప్రతి దగ్గుకీ దాన్నే తిట్టి ఊరుకుంటే రోగం దొరకదు కదా!

తెల్లారి పాత మెకానిక్ చాచా షెడ్డుకి తీసుకెళ్లాను. హెరాల్డు బానెట్టు మొత్తం ముందుకి వాలుతుంది. చాచా ముందు టైరు మీద కూర్చుని, నేను చెప్పింది విని నవ్వాడు.

‘‘మల్ల కార్బరేటరేనా బేటా? పాపం, గది ఎన్నిసార్లని స్నానం జేస్తది? ఆగి ఉంటే మంచిగుంది. జోరుల పోతే మంచిగుంది. తొక్కిన కాడ్నే తడబడుతుంది. జెట్‌ల కచర ఉంటే జోరుల గూడ అడ్డం పడాలె గదా!’’

కార్బరేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న డబ్బీకి ఒక సన్నని గొట్టం పోతుంది. చాచా దాన్ని కార్బరేటర్ దగ్గర ఊడదీసి, కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. ‘‘డబ్బీ మంచిదైతే నాలుకకి పట్టుకుంటది. గిది ఊరికే గాలొస్తుంది’’ అని నాకిచ్చాడు. నేనూ పీల్చాను. గాలీ, పాత నూనె వాసనా!

సంగతేమిటంటే, డబ్బీలో ఒక పల్చని రబ్బరు పొర ఉంటుంది. కాలు కొంచెం నొక్కగానే ఇంజను పీల్పు గొట్టంలోంచి వచ్చి ఆ పొరని లాగుతుంది. దాంతో స్పార్కు కాస్త ముందుగా పడుతుంది. పొర చిరిగితే స్పార్కు ఆలస్యం. పైగా ఆ చిరుగులోంచి బయటి గాలి జొరబడి పెట్రోలు పలచబడుతుంది. ఊరికే ఆగి ఉన్నప్పుడు కార్బరేటర్‌లోని రేకు ఆ రంధ్రాన్ని మూసి ఉంచుతుంది గనుక రోగం బయటపడదు!

డబ్బీ కోసం హైదరాబాదుకి ఫోన్లు చేశాం. రెండు రోజుల్లో వచ్చేది కాదు. చాచా కార్బరేటర్ వైపు రంధ్రాన్ని గట్టిగా మూసేశాడు. డిస్ట్రిబ్యూటర్ని చెవితో వింటూ వెంట్రుకవాసి తిప్పాడు. ఎక్కువైతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను టకటక కొట్టుకుంటుందట. ‘‘పెట్రోల్ జర ఎక్కువ తాగుతది. పాటకైతే చాలు’’ అన్నాడు. మెట్‌పల్లి రోడ్డు మీద నొక్కి చూశాను. దగ్గు లేదు!

మర్నాడు మొదటి టేకే ఓకే. అయిదు రోజులూ పని నడిచింది. అద్దె చేతికొచ్చింది. కొత్త డబ్బీ నెల తర్వాత వచ్చింది.

ఆ రాత్రి ఇంటికి వెళ్లేసరికి బాపు మంచం మీద లేచి కూర్చున్నాడు. షాటు గురించి అడగలేదు, హీరోయిన్ గురించీ అడగలేదు.

‘‘హీరో క్లచ్ మీద కాలు వెట్టుకొనే నడిపిండా?’’

‘‘లేదు బాపూ’’ అన్నాను. పెట్టుకునే నడిపాడు.