వెనక బరువు

ఇల్లు కదలకూడదనే కదండీ కట్టుకుంటాం! శంకుస్థాపన చేసేది, పునాదిలో నవధాన్యాలు పోసేది అందుకే. అలాంటిది మావాడు ఇంటికి చక్రాలు తగిలించి, బండి వెనక కట్టుకుని, దేశం మీదికి తోలుకుపోతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

2023 వేసవిలో మేమిద్దరం అమెరికాలో మావాడి దగ్గరికి వెళ్ళాం. వాడుండేది డాలస్ దగ్గర. వెళ్ళిన పదో రోజున పెరట్లోకి తీసుకెళ్ళి ఒక తెల్లటి పెట్టె చూపించాడు. పెట్టె అంటే ముప్ఫై అడుగుల పొడుగు. లోపల రెండు పడకలు, వంటగట్టు, ఫ్రిజ్జు, స్నానాల గది, భోజనాల బల్ల అన్నీ ఉన్నాయి. దాన్ని వాళ్ళు ట్రావెల్ ట్రైలర్ అంటారుట. మా ఆవిడ లోపలంతా తిరిగి చూసి, గిన్నెల అర తెరిచి మూసి, ‘బండి కొంప’ అని నామకరణం చేసింది. ఆ పేరే ఖాయమైపోయింది.

దాన్ని లాగేది పికప్. వెనక తొట్టి ఉన్న డీజిలు బండి. చూడ్డానికి లారీ కడుపున పుట్టిన కారులా ఉంటుంది. ఆ బండికి ఈ కొంపని కట్టి గ్రాండ్ కాన్యన్ చూపిస్తానన్నాడు. ఎంత దూరంరా అంటే పదిహేడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుందన్నాడు. మా కపిలేశ్వరపురం నుంచి కాశీ వెళ్ళినా అంత దూరం లేదు. మూడు రోజుల ప్రయాణం. లీటరు డీజిలుకి నాలుగు, మహా అయితే నాలుగున్నర కిలోమీటర్లట. ఆ లెక్క విన్నాక మా ఆవిడ, ‘కాన్యన్ ఫోటోలు దొరకవుట్రా?’ అంది.

బయల్దేరే ముందు రోజు మావాడు కొంపని బండికి తగిలిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. పికప్ వెనక ఒక ఇనప గుండు ఉంటుంది. ట్రైలరు ముక్కు వచ్చి దాని మీద టోపీలా కూర్చుని తాళం పడుతుంది. కింద రెండు గొలుసులు, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పోయేలా తగిలించాడు. ఎందుకలా అంటే, గుండు మీంచి ముక్కు జారితే నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఒడిలో పడుతుందట. ఇంకో సన్నటి తీగ ఉంది. ట్రైలరు తెగిపోతే ఆ తీగ ఒక శీలని లాగేస్తుంది, దాంతో ట్రైలరు తన బ్రేకులు తనే వేసుకుంటుంది. ఇవి కాక రెండు ఉక్కు కమ్మీలు. ముక్కు బరువంతా పికప్ వెనక చక్రాల మీదే పడి ముందు చక్రాలు తేలిపోకుండా, కొంత బరువుని ముందుకి నెట్టడం వాటి పని.

‘ట్రైలరు మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు ఈ ముక్కు మీద ఉండాలి నాన్నగారూ. తగ్గిందా, వెనకభాగం తోకలా ఊగుతుంది. మరీ ఎక్కువైందా, పికప్ నడుం వంగిపోతుంది’ అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఇంజనీరింగు చదివి వాడు చెప్పిన మాట, అక్షరమ్ముక్క రాని మా బాబాయి నాకు పన్నెండో ఏటే చెప్పాడు.

బాబాయి అంటే మా రక్తసంబంధీకుడు కాదు. మా తాతగారి దగ్గర బండి తోలేవాడు. మా ఊళ్ళో కులం ఏదైనా వరసపెట్టి పిలుచుకోవడం అలవాటు. ధాన్యం బస్తాలు బండికెత్తాక బాబాయి ఎడ్లని కట్టే ముందు కాడి కింద భుజం పెట్టి పైకి లేపేవాడు. సులువుగా లేస్తే, ‘వెనక బరువయ్యింది బాబూ, గిత్తల మెడకి ఉరేస్తాది’ అని ఒక బస్తా ముందుకి జరిపించేవాడు. ఎంతకీ లేవకపోతే, ‘మెడలిరుగుతాయి’ అని వెనక్కి జరిపించేవాడు. పళ్ళు బిగించి లేపితే లేచేటట్టుండాలి. అప్పుడు, ‘ఆయ్, ఇప్పుడు బావుంది’ అనేవాడు. ఆ భుజమే ఆయన కాటా.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నేను చేసిన ఘనకార్యం వినండి.

ట్రైలరులో నీళ్ళ ట్యాంకు ఉంది. నూట యాభై లీటర్లు పడుతుంది. మావాడు దాన్ని ఖాళీగా తీసుకెళ్దామన్నాడు. దిగే చోటల్లా కొళాయి ఉంటుందిట. పైగా ట్యాంకు ఇరుసులకి వెనక ఉందని, నింపకపోతేనే మంచిదని కూడా చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. ‘ఒరేయ్, గోదారొడ్డున పుట్టినవాణ్ణి. ఎడారికి బయల్దేరుతూ నీళ్ళు లేకుండా ఎక్కమంటావా?’ అని గట్టిగా అన్నాను. డెబ్బై దాటిన తండ్రి గట్టిగా అంటే ఎదురుచెప్పే పెంపకం మేము పెంచలేదు. ట్యాంకు నిండింది. మా ఆవిడ బియ్యం సంచులు, పప్పులు, పచ్చళ్ళ జాడీలు, ఇత్తడి గిన్నెలు వంటగట్టు కింద సర్దింది. వంటగట్టు ఉన్నదీ వెనకే. అప్పటికే కొంప వెనక మావాడు మూడు సైకిళ్ళు కట్టి ఉంచాడు. కాడి కింద భుజం పెట్టి చూసే బాబాయి అక్కడ లేడు. ఉన్న నేను కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాను.

విచిటా ఫాల్స్ దాటి అమరిల్లో వైపు వెళ్తున్నాం. చెట్టూ చేమా లేని బయలు. గాలి అడ్డంగా కొడుతోంది. వాడు తోలుతున్నది గంటకి నూట పది. మనవడు ముందు కూర్చుని పాటలు పెడుతున్నాడు. నేను వెనక సీట్లో కునికిపాట్లు పడుతున్నాను. ఇంతలో పెద్ద సరుకుల లారీ ఒకటి మమ్మల్ని దాటింది. దాని గాలి మొదట మమ్మల్ని పక్కకి తోసింది, దాటుతూనే తన వైపుకి లాగింది. వెనక నుంచి ఎవరో మా బండి తోక పట్టుకుని ఒక ఊపు ఊపినట్టయింది. అది తగ్గుతుందనుకుంటే రెండో ఊపు ఇంకా పెద్దది. మూడోది దానికన్నా పెద్దది. అద్దంలో చూస్తే మా తెల్ల కొంప కుడివైపు కనపడుతుంది, మళ్ళీ ఎడమవైపు కనపడుతుంది. పికప్ వెనక చక్రాలు రోడ్డు మీద జరుగుతున్న సంగతి నా నడుముకి తెలుస్తోంది.

కోడలు ‘అమ్మో’ అని కొడుకు భుజం పట్టుకుంది. మావాడు మాత్రం మాట్లాడలేదు. కాలి బ్రేకు తొక్కలేదు. చక్రాన్ని అటూ ఇటూ తిప్పలేదు. తిన్నగా పట్టుకుని, ఇంధనం మీంచి కాలు తీసేసి, మోకాలి దగ్గరున్న చిన్న మీటని వేళ్ళతో నొక్కాడు. అది ట్రైలరు చక్రాలకి మాత్రమే బ్రేకు వేస్తుందని తరవాత చెప్పాడు. వెనకది వెనక్కి లాగితే తాడు బిగిసినట్టు అంతా ఒక వరసలోకి వస్తుంది. భయపడి కాలి బ్రేకు గట్టిగా తొక్కితే, చక్రం తిప్పితే, వెనకున్న మూడు టన్నులూ ముందుకొచ్చి బండిని మడిచి పడేస్తాయిట.

నాలుగైదు ఊపుల తరవాత ఊయల ఆగింది. రోడ్డు పక్కన ఆపాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. గాలి మాత్రం ఈల వేస్తోంది. ‘ఒరేయ్, ఇరుసు వెనక ఏమేం ఉన్నాయిరా?’ అన్నాను. అడిగాక గాని ఆ జాబితాలో మొట్టమొదటిది నాదేనని గుర్తుకు రాలేదు.

నెమ్మదిగా నడుపుకుంటూ లారీలు ఆగే చోటికి చేరాం. అక్కడ కాటా ఉంది. ఉక్కు కమ్మీలు వదులు చేసి ఒకసారి, ట్రైలరుని పక్కన దింపి ఉత్త పికప్‌ని ఒకసారి తూచాడు. రెండింటికీ పికప్ మీద తేడా ఎంతో అదే ముక్కు బరువు. ట్రైలరు మొత్తం మూడువేల నాలుగు వందల కిలోలు తూగితే ముక్కు మీద ఉన్నది రెండు వందల పది. నూటికి ఆరు వంతులు! ఇంటి దగ్గర వస్తువులేవీ లేనప్పుడు తూచిన అంకె పట్టుకుని వాడు బయల్దేరాడు. ఆ తరవాత ఎక్కిందంతా వెనకే ఎక్కింది.

ట్యాంకు అడుగున బిరడా తీశాడు. నీళ్ళు గడ్డి నేల మీదకి పారుతుంటే నేను దూరంగా నిలబడి చూశాను. సైకిళ్ళు పికప్ తొట్టిలోకి వచ్చాయి. బియ్యం, గిన్నెలు ట్రైలరు ముందు పడక కిందకి చేరాయి. పికప్ మోయగల బరువు తలుపు పక్కన చీటీ మీద ఉంటుంది. మనుషులు, సైకిళ్ళు, ముక్కు బరువు అన్నీ అందులోంచే ఖర్చు రాయాలి. అది కూడా కూడుకుని సరిపోయిందనుకున్నాక మళ్ళీ తూచాడు. ముక్కు మీద మూడు వందల తొంభై. నూటికి పన్నెండు దాటింది. ‘ఆయ్, ఇప్పుడు బావుంది’ అన్నాను. వాడికి అర్థం కాలేదు.

అమరిల్లోలో దిగిన చోట, వాడన్నట్టే, ప్రతి ట్రైలరు పక్కనా కొళాయి ఉంది. భోజనాలయ్యాక వాడు బయట కుర్చీలో కూర్చుని స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ‘నాదేరా తప్పు. నేనే సరిగ్గా సర్దుకోలేదు’ అంటున్నాడు. నా పేరు రాలేదు, నీళ్ళ ట్యాంకు మాటా రాలేదు. లోపల పడుకున్న నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ మాట నేను అరవై ఏళ్ళ కిందట ఒకసారి విన్నాను.

మాది హరికథల పాఠశాల పెట్టిన ఊరు. పిట్టకథ లేకుండా కథ చెప్పడం మాకు చేతకాదు. ఇదీ ఆ పిట్టకథ.

1964లో అనుకుంటాను. పది బస్తాలు, అంటే ఏడు వందల యాభై కిలోల ధాన్యం వేసుకుని బాబాయి మండపేట మిల్లుకి బయల్దేరాడు. నేను ముందు ఆయన పక్కన కూర్చున్నాను. దారిలో నా ఈడు కుర్రాళ్ళిద్దరు కనపడ్డారు. కాలవ వంతెన ఎక్కబోతుంటే బాబాయి చూడకుండా దిగి, వాళ్ళని పిలిచి, ముగ్గురం బండి వెనక వేలాడాం. అది మాకు పెద్ద సరదా. బండి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ఎలాగూ వెనక్కి వాలుతుంది. దానికి మేం ముగ్గురం తోడయ్యాం. కాడి గాలిలోకి లేచింది. మెడతాళ్ళు బిగుసుకుని గిత్తలు రెండూ మోరలెత్తి గుడ్లు తేలేశాయి. బాబాయి నొగ మీద పడి వేలాడుతూ కొడవలితో తాళ్ళు కోసేశాడు. గిత్తలు బతికాయి. బండి వెల్లకిలా లేచి, రెండు బస్తాలు కాలవలో పడ్డాయి. బాబాయి ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కుర్రాళ్ళిద్దరూ పారిపోయారు.

సాయంత్రం మా తాతగారు వీధరుగు మీద నిలబెట్టి అడిగారు. నేను స్తంభం వెనక ఉన్నాను. బాబాయి నా వైపు చూడను కూడా చూడలేదు. ‘వెనక బరువయ్యిందండి. నేనే సరిగ్గా ఎయ్యలేదండి’ అన్నాడు. తడిసిన రెండు బస్తాల ఖరీదూ ఆయన జీతంలోంచి కోశారు. ఆ చెయ్యి తరవాత ఎప్పుడూ పూర్తిగా తిరగలేదు. కాడి కింద పెట్టే భుజం మార్చుకున్నాడు. నేను తాతగారికి చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూండగానే తాతగారు పోయారు.

ఆ రాత్రి లేచి వెళ్ళి మావాడి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. అంతా విని, ‘నీళ్ళు నింపించింది మా నాన్నగారని వాడికి చెప్పనా, పోనీ?’ అని నవ్వాడు. చెప్పమన్నాను. నిజంగానే ఫోను చేసి చెప్పాడు. అవతలివాడు పెద్దగా నవ్వడం నాకు వినపడింది.

మిగతా దారంతా గంటకి తొంభై ఐదు మించలేదు. న్యూమెక్సికో ఎత్తులు దిగేటప్పుడు చిన్న గేరులో, ఇంజనే ఆపేటట్టు దింపాడు. లారీలు దాటాయి, గాలీ కొట్టింది, కొంప బుద్ధిగా వెంట వచ్చింది. గ్రాండ్ కాన్యన్ సంగతి రాయడం నావల్ల కాదు. చూసినవాళ్ళకి అక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా చాలదు.

ఊరికొచ్చాక బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. కొడుకు ట్రాక్టరు నడుపుతున్నాడు. వెళ్ళేసరికి లంకకి వెళ్ళాలని తొట్టి తగిలిస్తున్నాడు. అక్కడే గట్టు మీద కూర్చుని ముందు వంతెన సంగతి, తరవాత అమెరికా సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. తడిసిన బస్తాల సంగతి చెప్పేటప్పుడు గొంతు పట్టుకుంది. అతను తొట్టి నొగ ఒక చేత్తో లేపి చూసుకుని, శీల దోపి, దానికి అడ్డుపుల్ల పెట్టేదాకా ఏమీ అనలేదు. తరవాత చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

‘అది కాదు అన్నయ్యగారూ, నీళ్ళ ట్యాంకు తీసుకెళ్ళి ఇరుసు ఎనకాల ఎవడు పెట్టాడండీ?’ అన్నాడు.