కౌశికలో కాళ్ళు, సీలేరులో అయస్కాంతం

కనుమ నాడు జగ్గన్నతోటకి ఎప్పుడైనా వెళ్ళారా? అంబాజీపేట దగ్గర, మొసలపల్లిలో అండీ. పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభలెక్కి వచ్చి ఆ తోటలో కలుసుకుంటారు. ఈసారి వెళ్తే బళ్ళో చదివే పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళండి. ప్రభ మీది రంగుల గుడ్డలు వాళ్ళు ఎలాగూ చూస్తారు. మీరు మాత్రం మోసేవాళ్ళ కాళ్ళు చూపించండి. బలాల పాఠం అక్కడుంది.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకి దారిలో కౌశిక ఏరు అడ్డం. భుజాల మీద మోస్తూ నీళ్ళలోంచే దాటిస్తారు. ఎంత పెద్ద ప్రభ అయినా దాని బరువంతా ఒక్క చోటే ఉన్నట్టు లెక్కేసుకోవచ్చు. ఆ చోటుని గరిమనాభి అంటాం. అక్కణ్ణించి నిట్టనిలువుగా కిందికి ఒక దారం వదిలామనుకోండి. ఆ దారం మోసేవాళ్ళ పాదాల మధ్య పడినంతసేపూ ప్రభ నిలబడుతుంది. బయటపడిందా, ఒరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కాలు నేలని వెనక్కి నెడితే నేల మనల్ని ముందుకి నెడుతుంది, న్యూటన్ మూడో నియమం అదే. ఏటి అడుగున బురదకి ఆ పట్టు ఉండదు, కాలు జారుతుంది. అందుకే అక్కడ అడుగు ఆచితూచి పడుతుంది. ‘హరహర మహాదేవ’ అన్న కేకకి అందరి భుజాలూ ఒక్కసారే లేస్తాయి. భక్తి సంగతి అలా ఉంచండి, ఎవరి బలం వాళ్ళది కాకుండా అందరి బలమూ ఒకే క్షణాన ఒకే వైపు పడడానికి ఆ కేక బాగా పనికొస్తుంది.

కొబ్బరికాయ గురించి కోనసీమ వాళ్ళకి నేను చెప్పేదేముంది! 15 మీటర్ల చెట్టు మీంచి జారిన కాయ రెండు సెకన్లు నిండకుండానే నేలకి చేరుతుంది. అప్పటికి దాని వేగం గంటకి 60 కిలోమీటర్లు. అంత వేగంతో పడ్డా లోపలి చిప్ప చాలాసార్లు పగలదు. డొక్క నలుగుతూ కాయ ఆగే సమయాన్ని కాస్త సాగదీస్తుంది. ఆగే సమయం పెరిగితే తగిలే బలం తగ్గుతుంది. దింపు తీసేటప్పుడు కింద నిలబడొద్దని పెద్దవాళ్ళు కసిరేది మన బుర్రకి డొక్క లేదు కనకే.

అయినా భూమి ఆకర్షణ మనకి చేసిన అసలు ఉపకారం కాయలు రాల్చడం కాదు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటిమట్టాన్ని పైకెత్తింది. అక్కణ్ణించి నీళ్ళని చేలదాకా మోసుకొచ్చింది భూమే. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర నాటికి ఇక్కడ పంపూ లేదు, కరెంటూ లేదు. కాలవని మిట్ట మీద నడిపిస్తే నీరు తనంతట తనే పల్లపు చేలల్లోకి దిగుతుంది, అంతే. పి.గన్నవరం దగ్గరైతే కింద వైనతేయ పారుతుంటే పైన అక్విడక్టులో కాలవ నీరు నది దాటి రాజోలు వైపు పోతుంది. ఇప్పటి అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీళ్ళు వంతెన ఎక్కాయేంటని పిల్లలు వింతపడితే చెప్పండి: ఎక్కలేదు, అక్కడికి కూడా దిగుతూనే వచ్చాయి.

ఆ నీళ్ళలో కొంత వాటా మన దగ్గరికి రాకముందే ఇంకో పని చేసి వస్తుంది. మన్యంలో దిగువ సీలేరు కేంద్రంలో కొండ మీంచి గొట్టాల్లో దూకే నీరు చక్రాల్ని తిప్పుతుంది. చక్రంతోపాటు అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ రాగితీగ చుట్టలుంటాయి. చుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. అక్కడ 115 మెగావాట్ల యంత్రాలు నాలుగున్నాయి. పని ముగించిన నీరు శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, ధవళేశ్వరం దిగి మన చేలకొస్తుంది. దాళ్వాకి నీళ్ళు చాలనప్పుడు అందరూ సీలేరు వైపు చూసేది ఇందుకే. భూమి లాగుడు, అయస్కాంతం, విద్యుత్తు పుస్తకంలో మూడు వేర్వేరు పాఠాలు కావచ్చు. సీలేరులో మూడూ ఒకే పాఠం.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ జుమ్మంటూ ఉంటుంది, విన్నారు కదా. లోపల తిరిగేదేమీ లేదు. కరెంటు సెకనుకి 100 సార్లు దిక్కు మార్చుకుంటూ ఉంటే, లోపలి ఇనుము అయస్కాంతమై, మానేసి, ఎదురు దిక్కున మళ్ళీ అయస్కాంతమవుతూ సెకనుకి 100 సార్లు సన్నగా సాగి ముడుచుకుంటుంది. ఆ మోతే అది. ఆ అయస్కాంతం ఆసరాతోనే 11,000 వోల్టులు కాస్తా ఇంటికొచ్చేసరికి 230 అవుతాయి.

తలదువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగుతుందని పుస్తకంలో ఉంటుంది. శ్రావణంలో మన ఊళ్ళో చేస్తే చాలావరకు లాగదు. గాలిలో తడి దువ్వెన మీది విద్యుదావేశాన్ని నిలవనివ్వదు. పిల్లాణ్ణి కోప్పడకండి, సంక్రాంతి రోజుల్లో మళ్ళీ చేయించండి.

కాలవ నీటిని చేలదాకా తెచ్చి ఇంత ఉపకారం చేసిన నేల వాలు సముద్రం దగ్గరికొచ్చేసరికి అయిపోతుంది. చేలో మురుగు దిగడానికి పల్లం మిగలదు. దానికి తోడు చంద్రుడొకడు. 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి లాగుతూ మురుగుకి ఎదురుగా రోజుకి రెండు పోట్లు తెస్తాడు. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు కూడా అదే వరసలో లాగుతాడు కాబట్టి పోటు మరీ పెద్దది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరలతోపాటు ఈ మురుగు గోడు కూడా చెప్పుకున్నారు. చంద్రుణ్ణి ఎటూ ఆపలేం. కానీ పూడిక తియ్యని మురుగు కాలవా, తలుపు సరిగా పడని తూమూ చంద్రుడి తప్పు కాదు కదండీ.

సముద్రం దాపున ఉన్న ఊరైతే ఈ అమావాస్య పోటు వేళకి పిల్లల్ని మురుగు కాలవ గట్టుకి తీసుకెళ్ళండి. నీళ్ళలో ఒక ఎండుటాకు వేసి, అది సముద్రం వైపు పోతోందో, మీ చేను వైపు వస్తోందో వాళ్ళనే చెప్పమనండి.