స్కోరు పుస్తకంలో లేని పరుగు

పాఠశాలలో చదివిన ఏడు సంవత్సరాలలో నేను బ్యాటు పట్టి చేసిన పరుగులను వేళ్ళమీద లెక్కించవచ్చును. వాటిలో ఒక్కటి కూడా నాకిప్పుడు జ్ఞాపకం లేదు. కాని నేను చేయని పరుగు ఒకటి ఉన్నది. ఎవరో పిల్లవాని మోకాలికి బంతి తగిలి వచ్చినది. ముప్పై ఏళ్ళు దాటినా అది నా దగ్గరే ఉండిపోయింది.

దాని సంగతి చెప్పేముందు మా ఊరిని గురించీ, అక్కడి బడులను గురించీ కొంత చెప్పాలి.

మా పూర్వులది బొబ్బిలి ప్రాంతం. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూరుకు రైలుమార్గం 1931లో పూర్తి అయింది. ఆ పట్టాల వెంబడి ఎన్నో తెలుగు కుటుంబాలు పడమరగా కదిలాయి. మా తాతగారు కూడా అలాగే వచ్చారు. నాన్నగారు వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో గుమాస్తా. నేను పుట్టి పెరిగినది డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలో. రాయపూరువారికి ఆ పేరు వినగానే దసరానాటి రావణదహనం గుర్తుకు వస్తుంది. మాకు మాత్రం తక్కిన సంవత్సరమంతా ఆ మైదానమే సర్వస్వం.

రైల్వే మైదానాలను తక్కువగా చూడరాదు. బిలాస్‌పూరులో 1927లో జన్మించి, బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టునుంచి పైకి వచ్చిన లెస్లీ క్లాడియస్ 1948, 1952, 1956 ఒలింపిక్ క్రీడలలో హాకీలో మూడు స్వర్ణపతకాలు, 1960లో ఒక రజతపతకం సాధించాడు. ఆయన ఏ పెద్ద ప్రైవేటు పాఠశాల పచ్చికమీదా తయారైనవాడు కాదు. అయినా నాన్నగారి చూపు ఆ వైపున లేదు. ఆయనకు కావలసినది ఇంగ్లీషు. "మనవాడు దొరల భాష దొరల బడిలో నేర్వాలి," అనేవారు. జీతంలో మూడవ వంతు ఫీజుకు పోయినా సరేనని, ఆరవ తరగతిలో నన్నొక ప్రైవేటు మగపిల్లల పాఠశాలలో చేర్పించారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం లేదు. 2000 నవంబరు 1వ తేదీ వరకు రాయపూరు మధ్యప్రదేశ్‌లోని పట్టణమే.

రాయపూరులో "దొరల బడి" అనే మాటకు అసలు అర్థం రాజకుమార్ కళాశాల. 1882లో జబల్‌పూరులో ప్రారంభమై, 1894లో రాయపూరుకు తరలివచ్చింది. రాజకోట, అజ్మీరు, ఇండోరు, లాహోరులలో వెలసినట్లే, సంస్థానాధీశుల, జమీందారుల కుమారులను ఇంగ్లీషు పద్ధతిలో తీర్చిదిద్దటానికి ఏర్పడిన విద్యాలయం అది. కాలక్రమాన సామాన్య కుటుంబాల పిల్లలకూ దాని తలుపులు తెరుచుకున్నాయి. ఇక్కడ ఒక్క మాట. రాజకోటలోనూ ఒక రాజకుమార్ కళాశాల ఉన్నది. రంజిత్‌సింహ్‌జీ చదివినది అక్కడ. మా ఊరివారు కొందరు ఆ గౌరవాన్ని రాయపూరు ఖాతాలో జమకట్టి మాట్లాడుతూంటారు. వినటానికి బాగుంటుంది గాని, నిజం కాదు.

నేను చదివినది రాజకుమార్ కళాశాలలో కాదు. దానిని దూరంనుంచి చూసి, తానూ అలాగే నడవాలని ఉబలాటపడిన ఒక చిన్న పాఠశాలలో. మాకు గుర్రాలు లేవు, పెద్ద పెవిలియనూ లేదు. అయితే నాలుగు హౌసులుండేవి, నాలుగు రంగుల చొక్కాలుండేవి. సాయంకాలం నాలుగు గంటలకు గంట కొట్టగానే ప్రతి విద్యార్థీ మైదానంలో ఉండి తీరాలి. జ్వరమని చెబితే నుదురు ముట్టి చూసేవారు.

ఈ నిర్బంధ క్రీడ ఎక్కడనుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ళ తరువాత, ఆంగ్ల సాహిత్యం చదువుతున్నప్పుడు తెలిసింది. రగ్బీ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు థామస్ ఆర్నాల్డ్ పుణ్యమే ఇదంతా అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయనకు ఆటలమీద అంతటి పట్టింపు లేదు. ఆయన పట్టుదలంతా మతమూ, నడవడీ. ఆయన శిష్యుడు థామస్ హ్యూస్ 1857లో వ్రాసిన "టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్" నవల క్రికెట్టు మైదానాన్ని ధర్మక్షేత్రంగా మార్చి ప్రపంచానికి చూపింది. అదే రగ్బీలో ఉపాధ్యాయుడుగా ఉండిన జార్జి కాటన్, మార్ల్‌బరో పాఠశాలకు పెద్దగా వెళ్ళినప్పుడు అల్లరిపిల్లలను అదుపులో పెట్టటానికి ఆటలను ఒక క్రమంలోకి తెచ్చాడు. అంటే మొదట ఇది శీలనిర్మాణంకంటె కాపలా ఉపాయమే ఎక్కువ. పిల్లవాడు అలసిపోతే గోడ దూకడు గదా! ఆ కాటనే 1858లో కలకత్తా బిషప్పుగా మన దేశానికి వచ్చాడు. సిమ్లాలో ఆయన స్థాపించిన పాఠశాల ఇప్పటికీ ఆయన పేరనే నడుస్తూన్నది. 1866లో కుష్టియా వద్ద నదిలో పడి మరణించాడు. ఆయన తెచ్చిన నాలుగు గంటల గంట మాత్రం రాయపూరులో నా చెవుల దాకా వచ్చింది.

నేను ఆటకు పనికిరానని గేమ్స్ మాస్టారు మొదటి నెలలోనే గ్రహించారు. బంతి నా వైపు వస్తే నేను ప్రక్కకు తొలగి దారి ఇచ్చేవాణ్ణి. ఆయన కోప్పడలేదు. నా దస్తూరి చూసి స్కోరు పుస్తకం చేతికిచ్చారు. వేపచెట్టు క్రింద బల్ల, రెండు కుర్చీలు, చెక్కిన పెన్సిళ్ళు. ఎండలో పరుగెత్తే మగపిల్లల రాజ్యంలో నాకు దొరికిన నీడ అది. పెద్ద క్లాసు కుర్రాళ్ళు సైతం విరామంలో నా వెనుక నిలబడి, "నావెన్ని, చెప్పు భాయీ," అని అడిగేవారు. బలహీనుడికి అధికారం ఎంత తీయగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

1993 డిసెంబరులో హౌసుల మధ్య కప్పు పోటీ ఆఖరి ఆట. నేను ఎనిమిదవ తరగతి. మా నీలం హౌసు ముందు ఆడి తొంభైమూడు పరుగులు చేసింది. ఎదుటివారిది పసుపుపచ్చ హౌసు. నియమం ప్రకారం స్కోరు వ్రాసేవారు ఇద్దరుండాలి. ఓవరు ఓవరుకూ ఇద్దరి లెక్కా సరిచూసుకోవాలి. వాళ్ళ తరఫున నా ప్రక్కన కూర్చున్నవాడు ఆరవ తరగతిలో కొత్తగా చేరిన చిన్నవాడు. కాళ్ళు నేలకు ఆనేవి కావు. నన్ను "భయ్యా" అని పిలిచేవాడు.

క్రికెట్టు తెలియనివారికోసం కొంచెం వివరించాలి. బంతి బ్యాటుకు గాక శరీరానికి తగిలి పోయినప్పుడు పరుగు తీస్తే దానిని లెగ్‌బై అంటారు. అంపైరు తన మోకాలిని చేతితో తాకి సైగ చేస్తాడు. స్కోరు వ్రాసేవాడు చూశానన్నట్లు చెయ్యి ఎత్తాలి. ఆ చెయ్యి లేచేదాకా అంపైరు ఆట సాగనివ్వడు.

ఆ ఓవరులో అయిదవ బంతికి వాళ్ళ ఆటగాడు రెండు పరుగులు తీశాడు. ఆరవ బంతి మోకాలికి తగిలింది. ఒక పరుగు తీశారు. అంపైరుగా ఉన్న గేమ్స్ మాస్టారు మోకాలు తాకారు. నేను చెయ్యి ఎత్తాను. అంతలో మా హౌసు కెప్టెన్ దూరంనుంచి ఏదో కేక వేశాడు. నేను తల అటు త్రిప్పాను, పెన్సిలు మాత్రం కాగితంమీద ఒక చుక్క పెట్టింది. చుక్క అంటే పరుగు లేదని అర్థం.

ఓవరు ముగిశాక లెక్క సరిచూస్తే వాడికీ నాకూ ఒక పరుగు తేడా. "లెగ్‌బై వచ్చింది భయ్యా," అన్నాడు చిన్నవాడు. రాలేదన్నాను. అప్పటికే తరువాతి ఓవరు మొదలై, మొదటి బంతికే అదే ఆటగాడు ఫోరు కొట్టాడు. చిన్నవాడు మళ్ళీ అన్నాడు: "ఆఖరి బంతికి పరుగు రాకపోతే ఇప్పుడు రెండవవాడు ఆడాలి గదా? ఇతనే ఎలా ఆడుతున్నాడు?"

ఆరవ తరగతి పిల్లవాని నోట అంత చక్కని తర్కం! ఓవరు మారితే బంతి వేసే వైపు మారుతుంది. పరుగు తీసి అటు చేరినవాడే మళ్ళీ ఎదుర్కొంటాడు. నాకు తెలియని సంగతి కాదు. కాని నేను ఎనిమిదవ తరగతి. స్కోరు పుస్తకం నాది. "నీకు లెక్క రాదు, చెరిపేయి," అన్నాను. వాడు నా ముఖంలోకి ఒకసారి చూసి, రబ్బరు తీసి చెరిపేశాడు.

ఆ జట్టు తొంభైరెండు పరుగులకు అందరూ అవుటయ్యారు. మేము ఒక్క పరుగుతో గెలిచాము. వాడి హౌసు పెద్దపిల్లలు వచ్చి, సరిగా వ్రాశావా అని వాడి భుజం పట్టి కుదిపారు. వాడు తల ఊపాడు. నా వైపు చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో నిద్రపట్టలేదు. నేను చెయ్యి ఎత్తటం నాకు జ్ఞాపకం వచ్చింది. సైగ లేకపోతే చెయ్యి ఎందుకు ఎత్తుతాను? ఆట నిజానికి సమమైంది. కప్పు రెండు హౌసులకూ చెందాలి.

మరునాడు ఆదివారం. సోమవారం బడి మొదలయ్యే ముందు గేమ్స్ మాస్టారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి బౌలర్ల పట్టికలో ఆ చుక్కమీద వేలు పెట్టారు. పైన బ్యాటింగ్ వరుసలో రెండూ, నాలుగూ ఒకే పేరు ఎదుట ఉండటం చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు హిందీలో మెల్లగా అడిగారు: "ప్రార్థన అయిన తరువాత అందరిముందూ నీవే చెబుతావా?"

నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను. ఆయన పుస్తకం మూసి బీరువాలో పెట్టారు. ప్రార్థనలో కప్పు మా కెప్టెన్‌కు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు ఒకే ఒకసారి నా వరుసవైపు చూశారు. ఆయన చెప్పేస్తారేమోనని నేను వణికిపోయాను. ఆయన చెప్పలేదు. ఆ రోజు కాదు, తరువాత కూడా కాదు. అది దయ అని అప్పుడనుకున్నాను. చెప్పవలసినది నేనని ఆయన ఎదురుచూశారేమో అని ఇప్పుడనిపిస్తుంది.

చిన్నవాడు మళ్ళీ స్కోరు బల్ల దగ్గరకు రాలేదు. మరుసటి ఏడు తండ్రికి బదిలీ కాబోలు, బడినే విడిచివెళ్ళాడు.

మైదానం శీలాన్ని నిర్మిస్తుందని ఎవరైనా సభలో చెప్పినప్పుడు నాకు ఇద్దరు ప్రభువులు మనసులో మెదులుతారు. 1932లో భారత జట్టు మొదటి టెస్టు ఆడటానికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు కెప్టెన్ పోర్‌బందర్ మహారాజా. రాజకోట రాజకుమార్ కళాశాలలో చదివినవాడు. తన ఆట ఆ స్థాయికి చాలదని తెలిసి, లార్డ్స్ మైదానంలో ప్రక్కకు తొలగాడు. ఆ విధంగా మన తెలుగువాడు, నాగపూరులో పుట్టిన సి.కె. నాయుడు, భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి.పై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన నాయుడు ఏ రాకుమారుల కళాశాలలోనూ చదవలేదు. నాలుగేళ్ళ తరువాత, 1936లో, కెప్టెన్సీ మన విజయనగరం మహారాజకుమారుని వరించింది. ఆయన అజ్మీరు మేయో కళాశాలలో చదివాడు. ఆయన తొలగలేదు. జట్టులో మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపించారు. మూడు టెస్టులలో రెండు ఓడి, ఒకటి డ్రాతో జట్టు తిరిగివచ్చింది. ఇద్దరు ప్రభువులూ ఒకే రకపు బడులలో, ఒకే రకపు పచ్చికమీద, అవుటంటే బయటికి నడవాలని నేర్చుకొని వచ్చినవారే. నేనూ నేర్చుకున్నాను; వారిలో ఎవరివైపు నిలబడ్డానో పైన వ్రాసే ఉన్నాను. మైదానం పిల్లవాణ్ణి ఒక చోటికి తీసుకువెళ్ళి నిలబెడుతుంది. అక్కడినుంచి నడవవలసినది వాడే.

అనువాదకుడిగా నాకు "స్పోర్ట్స్‌మన్‌షిప్" అనే మాట తరచు ఎదురవుతూంటుంది. క్రీడాస్ఫూర్తి అని వ్రాస్తాము. నాకెందుకో తృప్తి ఉండదు. స్ఫూర్తి అంటే లోపల మెరిసేది. ఆ ఇంగ్లీషు మాటలో చేతల వాసన ఎక్కువ. పనితనం అన్నట్లు ఆటతనం అనవచ్చునా అని ఒకసారి ప్రయత్నించాను, సంపాదకులు కొట్టివేశారు. విచిత్రమేమిటంటే, ఆ గుణం లేకపోవటానికి మాత్రం మన ప్రతి వీధిపిల్లవానికీ తెలిసిన మాట ఒకటి ఉన్నది: తొండి. దానికి సాటివచ్చే మాట నాకు ఇంగ్లీషులో ఇంతవరకు దొరకలేదు. ఆ చిన్నవాడు ఆ రోజు హిందీలో ఏమనుకున్నాడో గాని, తెలుగువాడైతే మనసులో ఆ మాటే అనుకొని ఉండేవాడు.

ఈ మధ్య రాయపూరు మారిపోయింది. నయా రాయపూరు స్టేడియంలో 2023 జనవరి 21న మొదటి అంతర్జాతీయ వన్డే ఆట జరిగింది. న్యూజీలాండ్ జట్టు 108 పరుగులకే కుప్పకూలింది. మా అబ్బాయిని తీసుకువెళ్ళాను. వాడు ఆటకంటె స్కోరు బోర్డును ఎక్కువగా చూశాడు. వాడికీ బంతి అంటే భయమే. ఇప్పుడు ఏడవ తరగతి. మొన్న బడినుంచి వచ్చి, తనను హౌసు ఆటలకు స్కోరు వ్రాయమన్నారని సంబరంగా చెప్పాడు. ఆడనివ్వలేదన్న చిన్నతనం వాడి ముఖంలో లేదు. నాకూ అప్పుడు లేదు.

రాత్రి భోజనాల తరువాత బల్లమీద కాగితం పరిచి గళ్ళు గీశాను. చుక్క ఎక్కడ, లెగ్‌బై గుర్తు ఎక్కడ, వైడు ఎలా, ఓవరు చివర మొత్తం ఎలా సరిచూడాలి, అన్నీ చూపించాను. ప్రక్కన కూర్చున్నవాడు చిన్నవాడైనా వాడి లెక్క పూర్తిగా వినమన్నాను. "అంపైరు సైగ చేయగానే చెయ్యి ఎత్తాలి గదా?" అన్నాడు.

"ముందు వ్రాయి. వ్రాసిన తరువాతనే చెయ్యి ఎత్తు."

"అంతవరకు ఆట ఆగిపోదా నాన్నా?"

"ఆగనీ," అన్నాను.

ఎందుకని వాడు అడిగాడు. ఇంకా చెప్పలేదు. ఇది అచ్చయితే వాడే చదువుకుంటాడు. హిందీ బడిలో చదివినా, తెలుగు కూడబలుక్కొని చదవగలడు.