ఆట ఆడుతున్నాం సరే, తయారుచేసేది ఎప్పుడు?

పోయిన వారం పోస్టు చదివి రాజోలు వైపు తమ్ముడొకడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. "అన్నా, గేమ్స్ తయారుచెయ్యడం నేర్చుకుంటానంటే ఇంట్లో తిడుతున్నారు. సంఘంలోవాళ్లు కూడా ఇదేం పనిరా అంటున్నారు. నేను చేసేది తప్పా?"

తప్పు కాదు తమ్ముడూ. ఈ వారం దీని గురించే రాస్తాను.

షేర్‌వేర్ అనే పద్ధతి ఒకటుండేది. 1987లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో స్కాట్ మిల్లర్ అనే కుర్రాడు క్రోజ్ అనే గేమ్ రాశాడు. అందులో బొమ్మలు కూడా ఉండవు. కీబోర్డు అక్షరాలూ గుర్తులే మనిషి, రాక్షసుడు, గోడ. దాన్ని భాగాలు చేసి మొదటి భాగం ఉచితంగా వదిలేశాడు. ఎవరైనా ఆడొచ్చు, ఫ్లాపీలో కాపీ చేసి పక్కవాడికి ఇవ్వొచ్చు. నచ్చితే డబ్బు పంపాలి, మిగతా భాగాలు పోస్టులో వస్తాయి. మధ్యలో కంపెనీ లేదు, షాపు లేదు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

1990 డిసెంబర్‌లో ఇదే దారిలో కమాండర్ కీన్ వచ్చింది. దాన్ని చేసిన జాన్ కార్మాక్, జాన్ రొమెరో అప్పటికి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగులు. శని, ఆదివారాలు ఆఫీసు కంప్యూటర్లనే కారులో ఇంటికి మోసుకెళ్లి రాత్రుళ్లు గేమ్ రాశారు. మిల్లర్ వాళ్లకి 2,000 డాలర్లు ముందే పంపాడు. మూడేళ్లకి, 1993 డిసెంబర్ 10న, అదే బృందం డూమ్ విడుదల చేసింది. మొదటి భాగం ఉచితం. అది ప్రపంచమంతా పాకింది.

ఈ కథని ప్రతిభ కథగా చెప్తారు. ప్రతిభ ఉంది, కాదనను. కానీ దాని కింద ఇంకో మూడు ఉన్నాయి. యంత్రం, తీరిక, డబ్బు చేరే అడ్రసు. ఇంకొకటి కూడా చూడండి. ఇదే కార్మాక్ 14 ఏళ్లప్పుడు ఒక బడిలో కంప్యూటర్లు దొంగిలించబోయి దొరికిపోయాడు. ఏడాది పాటు బాల నేరస్తుల గృహంలో ఉన్నాడు. బయటికొచ్చి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చోగలిగాడు. మన పేట కుర్రాడు ఆ పనే చేస్తే మళ్లీ ఎవరు కూర్చోనిస్తారు?

తొంభైల చివర్లో నేను అమలాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. నాన్న కొబ్బరి ఒలుపుకి, అమ్మ ఊడ్పులకి వెళ్లి కట్టిన ఫీజు అది. మొదటి రోజే సారు అడిగారు, "ఏ ఊరు? అందులో ఎటువైపు?" చెప్పాను. ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురం. నన్ను మూడో కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు చూడు, వాడు కొడతాడు" అన్నారు. కోర్సు అయిపోయేదాకా నేను చూస్తూనే ఉన్నాను. ఫీజు మాత్రం ముగ్గురికీ ఒకటే.

సాయంత్రం సారు వెళ్లాక డూమ్ ఆడేవాళ్లు. మొదటి భాగం పూర్తయ్యాక, మిగతావి కావాలంటే డాలర్లు పంపమని తెర మీద వచ్చేది. విదేశీ మారకద్రవ్యం మీద 1973 నాటి చట్టమే అప్పటికీ నడుస్తోంది. 2000లో గానీ అది పోలేదు. ఆ చట్టం లేకపోయినా మా ఇళ్లలో డాలరు ఎక్కడిది? ఎవరో దొంగ కాపీ తెచ్చేవారు. అలా ఆడటం వచ్చింది. అది ఎలా తయారవుతుందో అడగాలన్న ఊహ కూడా మాకు రాలేదు.

'హాబీ' అంటాం తేలిగ్గా. ఆ మాటలో తీరిక దాగుంది. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారో నిలదీస్తూ రాసిన పుస్తకంలో బాబాసాహెబ్ యంత్రం వైపు నిలబడ్డారు. యంత్రం మనిషికి తీరిక ఇస్తుందనీ, తీరిక లేకుండా సంస్కృతి లేదనీ ఆయన వాదన. మన పిల్లల తీరికని సోమరితనం అనేవాళ్లు ఆ పేజీలు ఒకసారి చదవాలి.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. గోడో అనే గేమ్ ఇంజిన్ 2014 నుంచి అందరికీ ఉచితం, పైసా అడగదు. డబ్బు ఫోన్‌కే వస్తుంది. తీరిక మాత్రం ఇప్పటికీ పోరాడి తెచ్చుకోవాల్సిందే.

నెట్ మీదే ఆధారపడొద్దు. 2022 మే 24 గుర్తుందిగా. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ వెంటనే నెట్ కట్. రోజుల తరబడి ఫోన్లలో ఆన్‌లైన్ ఆటలన్నీ ఆగిపోయాయి. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి పంపుకున్న చిన్న గేమ్‌లే ఆడాయి. ఫ్లాపీల కాలం నాటి పద్ధతే అది. చేతికి చేతికి అందేదాన్ని ఎవరూ కట్ చెయ్యలేరు.

కాబట్టి తమ్ముడూ, చదువు మానకు. చిన్న గేమ్ ఒకటి మొదలుపెట్టు, కానీ పూర్తి చెయ్. పంటు మీద గోదావరి దాటడం చాలు, కథ దొరుకుతుంది. మొదటి భాగం ఊరికే ఇవ్వు, రెండోదానికి ధర పెట్టు. కింద నీ పేరు రాయి.

సంఘాల్లో ఉన్న అన్నలకీ అక్కలకీ ఒక మాట. అంబేద్కర్ భవనంలో విగ్రహం పక్కన రెండు కంప్యూటర్లు పెట్టండి. పాతవైనా పర్లేదు. గోడ మీద ఒకే రూలు రాయండి: ఇక్కడ ఎవరూ చూస్తూ కూర్చోరు, అందరూ కొడతారు. ముందు ఆడపిల్లలు.

జై భీమ్.